నలభై మీటర్ల అల

సన్యాసి ఇంట్లో పట్టపగలు దయ్యం తాళం వేస్తోందని పక్కింటి చెల్లమ్మ చెప్పిందట. కొట్టు పోలయ్యకు ఆవిడ చెబితే, పోలయ్య సాయంత్రం సన్యాసి చెవిన వేశాడు. మగమనిషి మిల్లులో ఉండగా, సరిగ్గా మూడు గంటలకు ఆ ఇంట్లోంచి టిక్కు టిక్కుమని చప్పుడట. ముందు బల్లి అనుకుందట. బల్లి అరగంటసేపు పలకదు గనక, చచ్చిపోయిన సన్యాసి తండ్రే వచ్చి కొడుకు రేడియోపెట్టె ముందు కూర్చుంటున్నాడని తేల్చేసిందట.

"మా అయ్య బతికుండగానే ఉత్తరం ముక్క రాయలేదు బావా. చచ్చాక తంతి కొడతాడేటి?" అని సన్యాసి నవ్వేశాడు.

కాంప్ ద మాస్క్ ఊరు మొత్తానికి రేడియోలో కబురు పంపే లైసెన్సు ఉన్నది అతనొక్కడికే. చక్కెర మిల్లు షెడ్డులో మరమ్మతులు చేసుకునేవాడు, చెరకు తోటల పనికి ఓడెక్కి ఈ దీవికొచ్చిన కూలీ మనవడు, సర్కారు ముద్రున్న కాగితం సంపాదించాడు. ఆ కాగితానికి పగ్గాలు మాత్రం గట్టివే. కొత్తవాడు మొదటి ఏడాది ఎనభై మీటర్ల అల మీదే పంపాలి, అదీ మోర్స్ చుక్కలూ గీతలతోనే. నలభై మీటర్ల అల పట్టపగలు కూడా దూరం పోతుంది. అది ఏడాది నిండినవాళ్లది. కొత్తవాడు దాన్ని వినొచ్చు గాని వేలు పెట్టకూడదు. పెడితే లైసెన్సూ పోతుంది, పెట్టే పోతుంది. సన్యాసికి ఏడాది నిండడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆ లైసెన్సు కోసం పడ్డ పాట్లు ఊరందరికీ తెలుసు. మోర్స్ నేర్పే మాస్టరు పక్క పట్నం సాంత్ర్ ద ఫ్లాక్‌లోనే లేడు, ఇక ఈ ఊళ్లో ఎక్కడ? అందుకని భార్య అప్పలమ్మ ముందు పుస్తకం పరిచి, చేతికి రామభజన తాళాలు ఇచ్చాడు. చుక్కకు తాళం మూసి కొట్టాలి, గీతకు మోగనివ్వాలి. ఆరు నెలలు ఆవిడ వాయించింది, అతను విని అక్షరాలు రాసుకున్నాడు. గుర్తులు చూసి కొట్టడమే తప్ప ఆవిడకు అందులో ఒక్క ముక్క అంటలేదని అతని నమ్మకం.

తాళం విషయంలో మాత్రం ఆవిడ తర్వాతే ఎవరైనా. గుడిలో భజన సాగుతుంటే, ప్రసాదం పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని, "ఇప్పుడందుకున్నది పోలయ్యన్న. ఆఖరి దెబ్బ ఈడుస్తాడు" అనేది. ఎన్నడూ తప్పలేదు.

మరునాటి ఆదివారం వాకిట్లో మోటారుకారు ఆగింది. రాజధాని పోర్ లూయీ నుంచి వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు మెస్యే పియర్ దిగాడు. కూర్చోమంటే కూర్చున్నాడు గాని టోపీ తియ్యలేదు.

మూడు నెలలుగా నలభై మీటర్ల మీద, రోజూ మూడింటికి, ఇద్దరెవరో పేరు చెప్పకుండా మోర్స్‌లో మాట్లాడుకుంటున్నారని పైకి ఫిర్యాదు వెళ్లిందట. అందులో ఒక ధ్వని ఫ్లాక్ వైపు నుంచి వస్తోందట. ఈ వైపు లైసెన్సున్నది సన్యాసికే. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాగితం కూడా పియరే రాసుకొచ్చాడు. సంతకం పెడితే పెట్టెతో పోతుంది, లేకపోతే కోర్టు.

"మూడింటికి నేను మిల్లులో ఉంటాను మెస్యే. పోయి అడగండి."

"అక్కర్లేదు."

"మరి ఆ రెండోవాడెవడు?"

"అది నీకు అనవసరం."

సన్యాసి పెట్టె ముందు కూర్చుని, బ్యాటరీ తీగ ఊడదీసి, మీట మీద నాలుగు మాటలు కొట్టి చూపించాడు. మనిషి మనిషికీ చెయ్యి మారుతుంది, మీరు విన్న చెయ్యి ఇదేనా చెప్పమన్నాడు. పియర్ కళ్లు మూసుకుని విన్నాడు. అతని భుజాలు కాస్త దిగాయి.

"చెయ్యి మార్చి కొట్టొచ్చు" అన్నాడు కళ్లు తెరిచి. "సంతకం పెట్టు."

కాగితం ముందుకు తోసి, ఉంగరం వేలితో బల్ల మీద కొట్టసాగాడు. రెండు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు, ఆఖరిది సగంలో ఆగి పడేది. టీ పట్టుకొస్తున్న అప్పలమ్మ గడప మీదే నిలబడిపోయింది. ఆవిడ కాగితం వంక చూడలేదు, ఆ వేలినే చూసింది.

సన్యాసి కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి, తిరిగి అతని ముందే పెట్టాడు.

"మా తాత ఓడ దిగిన రోజు మీ కాగితం మీద వేలిముద్ర వేశాడు మెస్యే. అందులో ఏం రాసుందో ఆయనకు తెలీదు. నాకు చదువొచ్చు. చదివాను. పెట్టను."

"అయితే పెట్టె తీసుకుపోతాను."

"నన్ను పక్కకు లాగి తీసుకెళ్లండి" అని సన్యాసి పెట్టెకు వీపు ఆన్చి కూర్చున్నాడు.

పియర్ లేచాడు. అప్పలమ్మ మాత్రం నెమ్మదిగా వచ్చి, టీ గ్లాసు అతని కాగితం మీదే పెట్టింది. తడి వలయం సంతకం చోటునే పడింది.

"మా మావ సంతకం పెట్టడు" అంది, దీవిలో అందరికీ వచ్చిన క్రెయోల్ భాషలో. "ఆయన కొట్టలేదు."

ఆడమనిషి మధ్యలోకి వచ్చిందని సన్యాసికి సిగ్గేసింది. లోపలికి పొమ్మని కళ్లతో సైగ చేశాడు. ఆవిడ కదల్లేదు.

పియర్ విసుగ్గా నవ్వాడు. "అతను కాకపోతే, ఎవరు కొట్టారో నువ్వు చెబుతావా?"

"కొట్టింది నేను, బదులు కొట్టింది మీరు."