ఎర్ర తువ్వాలు

వరసగా మూడో రోజు కూడా ఎర్ర తువ్వాలు లేవలేదు.

రాయదుర్గం దగ్గరి ఆ నాటక పాఠశాలలో అదే పరీక్ష. పిల్లలు అరుగు మీద నిలబడి పద్యం పాడాలి. బీడుకు అవతల, గొర్రెలు మేసేచోట నబీ సాబ్ మాస్టరు కూర్చుంటారు. గొంతు అంతదూరం చేరితే తువ్వాలు ఎత్తుతారు. చేరకపోతే వేషం లేదు. ఆ రోజుల్లో మైకులు లేని పల్లెల్లో ఆడే నాటకాలు మరి.

పదహారేళ్ల నారాయణమ్మకు ఏడుపొచ్చింది. రేపు కూడా తువ్వాలు లేవకపోతే రాణి వేషం ఇంకొకరికి పోతుంది. ఆ వేషం కోసమే కంబదూరు వదిలి, ఏడాదిగా మేనత్త ఇంట్లో ఉంటూ నేర్చుకుంటోంది. మాస్టరుకు తనమీద ఏదో కోపమని అందరితో చెప్పింది. ఎవరూ నమ్మలేదు. రెండేళ్ల కిందట హార్మోనియం శిష్యుడి చేతికిచ్చి బీడులోకి మారినప్పటి నుంచి ఆయన తీర్పు ఒక్కటీ తప్పలేదు. ఆయన తువ్వాలెత్తిన గొంతు మడకశిర జాతరలోనూ చివరి వరస దాకా వినబడింది.

సాయంత్రం వెళ్లి ఆయన్నే నిలదీసింది. మాస్టరు ఆమె ముఖంలోకే చూస్తూ అంతా చెప్పనిచ్చారు. తర్వాత పద్యం ఎత్తుకోమన్నారు. ఒక్క పాదానికే చెయ్యెత్తి ఆపేశారు.

"మెడ నరాలు ఉబ్బుతాండాయి. నువ్వు పాడేది లేదమ్మా, అరుస్తాండావు. ఊపిరి కడుపులోనుంచి తీసుకో. గొంతు దానంతట అదే పోతాది."

ఒక్క చూపుతో తప్పు పట్టేశారు. ఇలాంటి గురువు మీదా తను నింద వేసింది అని నారాయణమ్మ సిగ్గుపడింది.

మర్నాడు ఆమె అరవలేదు. కడుపునిండా గాలి పీల్చి, తొందర లేకుండా రాగాన్ని బీడు మీదికి వదిలింది. పద్యం సగంలో ఉండగానే అవతల తువ్వాలు లేచింది.

కాళ్లకు దండం పెట్టాలని ఒక్క పరుగున బీడు దాటింది. ఆమె చేరేసరికి మాస్టరు అటు తిరిగి ముంతతో నీళ్లు తాగుతున్నారు. "మాస్టరూ" అని పిలిచింది. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. అయినా తిరగలేదు.

పక్కనే కర్రకు ఆనుకుని నిలబడ్డ గొర్రెల కాపరి రంగన్న నవ్వాడు.

"భుజం తట్టమ్మా. ఎవురితోనూ అనొద్దు, సాబుకు చెవులు పోయి రెండేండ్లాయె. అరిస్తే నా గొర్రెలు లెక్కచెయ్యవు, దినమంతా నేను అరిచేదే గదా. ఈ కరువులో అవి మేత వదిలి తలలెత్తినాయంటేనే, ఆయన తువ్వాలెత్తేది."