దక్షిణపు గోడ మీద డ్రెస్డెన్

"ఈ పటం గోడకి సరిగ్గా ఆనలేదు ఆంటీ," అంటూ వీణ చెయ్యి చాపింది.

"ముట్టుకోకమ్మా. బరువు," అంది లీలావతి. ఆ గొంతులో కంగారు లేదు. ఈమధ్య ఆమె దేనికీ కంగారు పడటం లేదు.

కెల్లీవిల్‌లోని ఆ ఇల్లు కొందామని చూడ్డానికి వచ్చారు వీణ, ఆమె భర్త వంశీధర్. వీళ్ళకంటే ముందొచ్చిన మన తెలుగువాళ్ళు మంచినీళ్ళైనా ముట్టకుండా వెళ్ళిపోయారు. దాంతో ఇంటివాళ్ళ సొంత పటాలేవీ కనబడకూడదని ఏజెంటు దేవుడి పటాలు తీయించి, ఈ పెద్ద పటాన్ని అద్దెకు తెచ్చాడు. సోఫా పైన తగిలిద్దామన్నాడు. దక్షిణపు గోడకైతేనే సరే, లేకపోతే ఇల్లే అమ్మనని లీలావతి మొండికేసింది. ఇంకో చలికాలం ఈ ఇంట్లో గడిపితే తనకు పిచ్చెక్కుతుందని ఆమె భర్త కేశవరావు భయం. అందుకని ఏజెంటును ఆయనే ఒప్పించాడు.

పటంలో నది, వంతెన, పెద్ద గుమ్మటం, ఒడ్డున చీమలంత మనుషులు.

"డ్రెస్డెన్ కదా అంకుల్? ఎయిటీన్త్ సెంచరీ వ్యూ. వార్‌లో మొత్తం పోయింది. మళ్ళీ అచ్చం ఇలాగే కట్టేశారు," అన్నాడు వంశీధర్, తెలిసింది చెప్పకుండా ఉండలేక.

"ఒడ్డున నిలబడ్డవాళ్ళని కూడానా?" అంది లీలావతి.

వంశీధర్ నవ్వాడు. కేశవరావు దగ్గాడు.

"పైన ఆ పర్పుల్ రూమ్ ఎవరిది ఆంటీ?" అంది వీణ.

"మా అమ్మాయిది. స్పందన."

"ఎక్కడుంది ఇప్పుడు?"

లీలావతి చూపు పటం మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

"ఓ, జర్మనీలోనా! అందుకేనా మీరూ మూవ్ అవుతున్నారు?"

"అలాంటిదేనమ్మా," అని కేశవరావు గబుక్కున అందుకున్నాడు.

వీణకు ఆరో నెల. నడుం పట్టుకుని సోఫాలో కూర్చుంది.

"మా అత్తగారు ఒక్కటే కనుక్కోమన్నారు అంకుల్. ఏమనుకోకండి. ఇంట్లో అంతా శుభమే కదా?"

"శుభమే," అన్నాడు కేశవరావు కిటికీ వైపు తిరిగి.

"మల్లెపూల స్మెల్ భలే వస్తోంది."

"పెరట్లో తీగ ఉంది," అంది లీలావతి.

వీణ, వంశీధర్ మొహాలు చూసుకున్నారు. "మాకు నచ్చింది అంకుల్. ఏజెంట్‌కి ఈరోజే ఆఫర్ పెట్టేస్తాం. వెళ్ళొస్తాం ఆంటీ," అన్నాడు వంశీధర్.

ఆ గుమ్మంలో 'వెళ్ళొస్తాం' అన్న మాట విని చాలా రోజులైంది. లీలావతి ఊరికే తలూపింది.

కారు మలుపు తిరిగింది.

"అమ్ముడుపోయినట్టే లీలా," అన్నాడు కేశవరావు. ఆయనకు సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు.

"ఇక పటం తీసెయ్యండి," అంది లీలావతి.

ఆయన కుర్చీ ఎక్కి డ్రెస్డెన్‌ను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.

వెనక, స్పందన ఫొటోకు పొద్దున వేసిన మల్లెదండ ఇంకా వాడలేదు.