గోధుమరంగు పూసలు

"పార్సెల్ వచ్చిందా?" ప్రయోగశాల తలుపు తీస్తూనే అడిగిందామె.

"వచ్చింది మేడమ్," అన్నాడు నిప్పుకోడి. లావా రాళ్ళను కరిగించి మళ్ళీ శిలాద్రవంగా మార్చే కొలిమి దగ్గరే రోజంతా ఉంటాడని తోటివాళ్ళు పెట్టిన పేరది.

వచ్చిందీ లేదు, పాడూ లేదు. ఆమె కట్టుకోబోయే బావ అగ్నిపర్వతం మీద పనికని వెళ్ళి, రెండు రాళ్ళు పంపి, ఆపైన ఉలుకూ పలుకూ లేకుండా పోయాడు. కరిగించి పూసలు చేస్తే ఆ రెండూ ముదురు గోధుమరంగులో వచ్చాయి. వాటిలో ఇనుము అంత ఎక్కువ. ఆమె దిగులు చూడలేక, నిప్పుకోడే ప్రయోగశాల వెనక క్వారీలో రాళ్ళు ఏరి, బావ పేరుతో నెలకొక పార్సెల్ కట్టడం మొదలుపెట్టాడు. చిక్కల్లా రంగుతోనే. క్వారీ రాయిలో ఇనుము తక్కువ, పూస లేత ఆకుపచ్చగా వస్తుంది. అందుకే అది కరిగేటప్పుడు కొలిమిలోకి కాస్త గాలి వదిలేవాడు. ద్రవంలోని ఇనుముకు గాలి తగిలితే పచ్చదనం గోధుమరంగుకు తిరుగుతుంది.

"ఎన్నాళ్ళురా ఈ దొంగనాటకం? నోట్లో నాలుక లేదూ? నీ మనసులో మాట చెప్పెయ్," అని పొద్దున్నే అక్క తలంటింది. ఎలా చెబుతాడు? చెబితే ఈ రాళ్ళూ ఉండవు, వాటికోసం పరుగెత్తుకొచ్చే ఆమె కూడా ఉండదు. ఆ పరుగు కోసమే అతను నెలంతా బతుకుతున్నాడు.

ఆమె మెడలో పూసల దండ కనిపించింది.

"మొదటి రెండు పూసలూ ఇందులో గుచ్చలేదేం మేడమ్?"

"సొరుగులో పడేశాను. అవి నాకు నప్పలేదు."

"అన్నీ ఆయన పంపినవేగా!"

ఆమె పార్సెల్ విప్పి, రాయిని అరచేతిలో పట్టుకుంది. "దీనికోసం నెలంతా ఎంత ఎదురుచూస్తానో తెలుసా మీకు?"

పెట్టిపుట్టాడు మహానుభావుడు, అనుకుంటూ అతను రాయిని పొడిచేసి, మూసలో పోసి కొలిమిలోకి దించాడు. కాసేపటికి కరగడం మొదలైంది.

"ఇక్కడ వేడి. మీరెళ్ళి టీ తాగిరండి," అన్నాడు ఎప్పటిలాగే. ఆమె అటు వెళ్ళగానే గాలి వదిలే మీట తిప్పడం అతనికి అలవాటు.

ఈసారి ఆమె కదల్లేదు. స్టూలు లాక్కుని అతని పక్కనే కూర్చుంది.

"ఇవాళ గాలి వదలకు, నాకు పచ్చపూసే కావాలి."