మమ్‌గీ

మూడేళ్లు నిండినా విద్య నోట ఒక్క మాట రాలేదు.

ఇంట్లో రెండు భాషలు వినడం వల్లే ఇలా అయిందని డాక్టరు తేల్చాడు. తెలుగంటే ఏదో రోగం పేరన్నట్టు ముఖం పెట్టి, పూర్తిగా మానేయమన్నాడు. ఆ రోజు నుంచి అమ్మానాన్నలు జయంతి, జగదీష్ పాప ఎదుట ఇంగ్లీషే మాట్లాడారు. జయంతి లాలిపాట కూడా మానేసింది. పిల్లను జోకొడుతూ నోరు నొక్కుకుని ఏడ్చేది.

వాళ్లు ఆఫీసులకు వెళ్తే పాపను చూసేది కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే ఓల్వెన్ ఆంటీ. బ్రిటన్‌లోని వేల్స్ నుంచి ఎప్పుడో అమెరికాకు, ఈ ప్లెయిన్స్‌బరో ఊరికి వచ్చి స్థిరపడ్డ ముసలావిడ. పిల్లతో మీ భాషలోనే మాట్లాడమని ఒకటి రెండుసార్లు అంది. అంత చదివిన డాక్టరు కంటే ఈవిడకు ఎక్కువ తెలుసా అనుకుంది జయంతి.

1983 చలికాలం. ఒక సాయంత్రం జయంతి పాపను తీసుకెళ్లడానికి వచ్చేసరికి విద్య ఓల్వెన్ స్వెటరు పట్టుకుని "మమ్‌గీ" అంది.

మొదటి మాట! జయంతి గబగబా వచ్చి పాప ముందు కూర్చుంది.

"ఏమంది?"

ఓల్వెన్ ముఖం వెలిగిపోయింది. తమ వేల్స్ భాష వెల్ష్‌లో ఆ మాటకు అమ్మమ్మ అని అర్థమని చెప్పింది. 'మమ్' అంటే అమ్మ, 'కీ' అంటే ప్రియమైన. రెండూ కలిస్తే 'క' కాస్తా 'గ' అవుతుందట. చివరి అక్షరాన్ని ఒత్తి పలికి చూపించింది. మన కూర, కాయలు కలిసి కూరగాయలైనట్టే అనిపించింది జయంతికి. మరుక్షణం ఒళ్లు మండింది.

"దీని కోసం నా భాష నేను చంపుకున్నాను. మీరేమో మీ భాష నేర్పుతారా?"

ఓల్వెన్ ఏదో చెప్పబోయింది. జయంతి వినకుండా పిల్లను చంకనేసుకుని మెట్లెక్కేసింది.

"డేకేర్‌లో జాయిన్ చేద్దాం. కనీసం ఇంగ్లీషైనా వస్తుంది," అన్నాడు జగదీష్.

ఇంగ్లీషు రాలేదు. ఉన్న ఒక్క మాటా పోయింది. వసంతం వచ్చేసరికి విద్య ఏడవడం కూడా మానేసింది. ఎందరు డాక్టర్లకు చూపించినా ఏమీ తేలలేదు. చివరికి జయంతి సిగ్గు విడిచి, పాపనెత్తుకుని కింది తలుపు తట్టింది. ఏ భాషైనా సరే, నా పిల్ల చేత మాట్లాడించమని ఆవిడ కాళ్లు పట్టుకోవడానికే వచ్చింది.

ఒక నడివయసు స్త్రీ తలుపు తీసింది. ఓల్వెన్ కూతురు మార్గరెట్‌నని చెప్పింది. లోపల సామానంతా అట్టపెట్టెల్లో సర్ది ఉంది. అమ్మ పోయి వారమైందట.

జయంతి గుమ్మంలోనే కూలబడింది.

"విద్య ఈ పాపేనా?" మార్గరెట్ పక్కన కూర్చుని పిల్ల తల నిమిరింది. "అమ్మ చివరిదాకా ఈ పిల్ల గురించే బెంగపడింది. నా చిన్నప్పుడు ఒక డాక్టరు మాట విని అమ్మ కూడా నాతో వెల్ష్ మాట్లాడటం మానేసింది. మళ్లీ మొదలుపెట్టేదాకా నేనూ మూగదాన్నే."