మూడుసార్లు చదివిన నవల

“ఒక ఫారం, పదహారు పేజీలు, తలకిందులుగా కుట్టాడు! విమర్శకుడి కంట పడిందంటే మన పని అయిపోయినట్టే,” అన్నాడు భర్త, తల పట్టుకుని.

ఆ ఇంట్లో ముందు గది ప్రచురణ సంస్థ, వెనక గది సంసారం. బైండరు ఆ పొద్దున రెండే ప్రతులు పంపాడు. ఒకటి అసలు నవల. రెండోది, మందం చూసుకోవడానికి తెల్లకాగితాలకు అదే అట్ట వేసిన నమూనా. మిగతావి సరిచేసి పంపడానికి వారం పడుతుందట. బహుమతి కమిటీ పెద్ద అయిన విమర్శకుడికి పుస్తకం చేరాల్సిన గడువేమో మర్నాడే. ఈసారీ బహుమతి రాకపోతే సంస్థ మూసేసి, బావమరిది టైర్ల కొట్లో కూర్చుంటానని భర్త భార్యకు మాటిచ్చి ఉన్నాడు.

“ఉన్నదే పంపుదాం. ఆయన అక్కడిదాకా చదవరులెండి,” అంది భార్య, పురికొస వెతుకుతూ.

“ఆయన అక్షరం వదిలిపెట్టడు!”

“ఆ ఖాళీది నాకిచ్చెయ్యి అమ్మాయ్,” అన్నారు వెనక గదిలోంచి అత్తగారు. “నా జీవితచరిత్ర రాసుకుంటాను.”

“అందులో నేనుంటానా అత్తయ్యా?”

“ఉంటావు. చివర్లో, పేజీలు మిగిలితే.”

భార్య నవ్వుకుంటూ ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, రెండోది పార్సిలు కట్టేసింది. కళ్లజోడు బాగై వచ్చాక మొదలుపెడతానని అత్తగారు దాన్ని దిండు కింద దాచుకున్నారు.

మూడో వారం పత్రికలో సమీక్ష వచ్చింది. భర్త నిలబడే చదివాడు.

“‘రచయిత మాటల కన్నా మౌనాన్ని నమ్ముకున్నాడు. వెతికినా ఒక్క అచ్చుతప్పు లేదు. మూడుసార్లు చదివాను, ప్రతిసారీ కొత్తగానే ఉంది.’ విన్నావా? తలకిందుల పేజీల ఊసే ఎత్తలేదు! ఎంత పెద్ద మనసే ఆయనది!”

“మూడుసార్లూ అక్కడికి చేరకముందే నిద్రపట్టేసి ఉంటుంది.”

ఇంతలో ఫోను మోగింది. భర్త విన్నాడు, కుర్చీలో కూలబడ్డాడు, మళ్లీ లేచాడు.

“బహుమతి మనదే! మీ తమ్ముణ్ణి ఇంకో గుమాస్తాను చూసుకోమను!”

ఆ కేకలకు అత్తగారు బయటికి వచ్చారు. ముక్కు మీద కొత్త అద్దాలు, ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో పుస్తకం, ముఖంలో చిరాకు.

“ఖాళీదని ఇచ్చావు, దీన్నిండా అచ్చే ఉందేమిటి అమ్మాయ్?”