సగం చేసిన నంబరు

జగన్నాథాచారి లెన్సును నాలుక మీద పెట్టి తడిపి, మళ్ళీ కంట్లో వేసుకున్నాడు. లూదియా ముఖం పక్కకు తిప్పుకుంది.

నంద్యాలలో ఆ కళ్ళద్దాల షాపులో చేరి రెండేళ్ళయింది గానీ, ఇంత రోత ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మనిషి. గోళ్ళ సందుల్లో రాతిపొడి. ఆ వేళ్ళతోనే కన్ను సాగదీస్తాడు. రాతిపెళ్ళ ఎగిరి మూడు జతల కళ్ళద్దాలు పగిలాయట, ఇక లెన్సులే కావాలని పట్టుబట్టి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఈ వారంలో తిరిగి రావడం ఇది మూడోసారి. వచ్చిన ప్రతిసారీ అదే సణుగుడు.

"గుండ్రంగా ఉండేది కోడిగుడ్డు మాదిరి కనపడతాందమ్మా. గీత పక్కన ఇంకో గీత."

కనపడదా మరి? ఆయన చీటీలో రెండు కళ్ళకూ మైనస్ మూడు, దాని పక్కన, చూపు ఒక పక్కకు సాగే దోషాన్ని సరిచేసే సిలిండర్ నంబరు మైనస్ రెండు. సిలిండర్ ఉన్న లెన్సు హైదరాబాద్ నుంచి రావాలంటే పది రోజులు. ఓనరు ప్రేమ్ సాగర్‌ది ఒకటే పద్ధతి. సిలిండర్‌లో సగం అసలు నంబరుకు కలుపు, మిగతాది మరిచిపో, షాపులో ఉన్న మైనస్ నాలుగు ఇచ్చి పంపు. సిలిండర్ అరో ముప్పావో ఉంటే ఇది చెల్లుతుంది. రెండు ఉంటే చెల్లదని లూదియా చదువుకుంది. ఆ మాటే చెబితే ఆయన ఈగను తోలినట్టు చెయ్యి ఊపాడు. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకుంది.

పైగా ఆదివారం సెలవు ఆ ఓనరు చేతిలోనే ఉంది. పగిడ్యాల బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాయన పోయి ఆ రోజుకు ఏడాది. జ్ఞాపకార్థ కూడికకు తప్పకుండా రావాలని, వస్తే ఒకటి చూపిస్తానని వాళ్ళన్న అజయ్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ప్రేమ్ సాగర్ మాత్రం, ఆళ్ళగడ్డ ఆయన ఇంకోసారి మెట్లెక్కితే సెలవు మాటే ఎత్తొద్దన్నాడు.

జగన్నాథాచారి అద్దంలో చూసుకోవడం ఆపి ఆమె వైపు తిరిగాడు.

"రేపు కండ్లు చెక్కాలమ్మా. అన్నిటికన్నా కడాన చెక్కేది అవే. ఈ చూపుతో చెక్కొచ్చునా? నువ్వు వద్దంటే నిలిపి పెడతా."

నిలిపి పెడితే మళ్ళీ వస్తాడు. మళ్ళీ ఆ నాలుక, ఆ గోళ్ళు. సెలవు గంగలో కలుస్తుంది. ఏ కూడలిలోనో ఎండకూ వానకూ నిలబడే రాయి, దాని కళ్ళు ఎట్లుంటే ఎవడు చూడొచ్చాడు?

"ఏం కాదు పెద్దాయనా. రెండు రోజుల్లో అలవాటైతాది. నిమ్మళంగా చెక్కుకో."

ఆయన ముఖం తేటపడింది. చదువుకున్న పిల్లవి, నీ మాటే నాకు ధైర్యమని దండం పెట్టి బస్సుకు పోయాడు. ఆయన చేతులు ఆనించిన బల్లను లూదియా స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచింది. ఆయన మళ్ళీ రాలేదు. సెలవు దొరికింది.

ఆదివారం పగిడ్యాల బడి ఆవరణలో అజయ్ ముసుగు గుడ్డ లాగేసరికి, రాతిలో నాయన ముఖం, కోడిగుడ్డు మాదిరి సాగిన కళ్ళతో, రెప్ప పక్కన ఇంకో రెప్పతో, లూదియా వైపే చూస్తోంది.