పొడి నేల

బాత్రూములో షవరు హోరుమంటోంది. శశాంక్ బయటికొచ్చేలోపు వెళ్ళిపోవాలి. పాపను భుజాన వేసుకుని హైమ వీధి తలుపు దగ్గర నిలబడింది. మధురవాడలో ఇప్పుడు అద్దె ఇళ్ళన్నీ మాట్లాడేవే. ఒప్పందం రాసుకునేదీ, తలుపు తీసేదీ, ఎవరు గడప దాటినా పేరుపెట్టి అరిచి చెప్పేదీ ఇల్లే.

"అద్దె ఒప్పందం రద్దు చేసెయ్," అంది హైమ గొంతు తగ్గించి. "మా ఆయన కొడతన్నాడు. ఇక్కడుండలేను."

ఇల్లు కూడా గొంతు తగ్గించింది. "అలాగైతే గడువుకి ముందే వెళ్ళిపోయే హక్కు మీకుందండి. ఆయన సంతకం అక్కర్లేదు. ఆగండి, సాక్ష్యం వెతుకుతున్నాను."

హైమ పాపను గట్టిగా పొదువుకుంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఏమైందని ఈ ఇల్లే అడిగింది. జారిపడ్డానని తనే చెప్పింది.

షవరు ఆగింది. "హైమా, టవలేదీ?"

"నీకు అన్నీ అబద్ధాలే చెప్పాను," అంది హైమ. "ఇప్పుడు నన్నెవరు నమ్ముతారు?"

"మీరు జారిపడ్డానన్న ప్రతిసారీ నేల పొడిగానే ఉందండి. అది నేను చూశాను. ఒప్పందం రద్దయింది."

బాత్రూము గడియ చప్పుడైంది. వీధి తలుపు తెరుచుకుంది.

హైమ గడప దాటింది. ఇల్లు ఆమె పేరు అరవలేదు.